కొంగ మెడ ఎలా వంగింది?

కిందటి కార్తీకంలో ఒక ఆదివారం మా వీధి అరుగు మీద ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నిలబడి తను రాసిన వ్యాసం చదివింది. ఆ వారం నేనిచ్చిన పని ఒక్కటే: మీకు బాగా తెలిసిన దాని గురించి ఒక పేజీ రాసుకు రండి. వాళ్ళ నాన్న కొమ్ము పని చేస్తాడు. ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి పేరు చెప్తే రాజావారి కోట తర్వాత చాలామందికి గుర్తొచ్చేది అదే. పశువుల కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, నెమళ్ళు చేస్తారు. పిల్ల మంచి విషయం పట్టుకుందని ఉత్సాహంగా వినడానికి కూర్చున్నాను.

"పర్లాకిమిడి కొమ్ము కళ ప్రపంచ ప్రఖ్యాతి గాంచినది. ఇది మన సంస్కృతీ సంప్రదాయాలకు అద్దం పడుతున్నది. ఇంతటి మహోన్నతమైన కళను కాపాడుకోవలసిన బాధ్యత మనందరిపై ఎంతైనా ఉన్నది."

పేజీ పొడుగునా ఇదే వరస. అక్షర దోషం ఒక్కటీ లేదు. ఏ పరీక్షలోనైనా పదికి ఎనిమిది పడతాయి. కానీ చదవడం అయిపోయాక నాకు కొమ్ము పని గురించి కొత్తగా ఒక్క ముక్క కూడా తెలియలేదు. రోజూ సాయంత్రం నాన్న పక్కన కూర్చుని చూసే పిల్ల, ఎప్పుడూ చూడనివాళ్ళు రాసినట్టు రాసింది.

"కొమ్ము గోరంత గట్టిగా ఉంటుంది కదమ్మా, మరి కొంగ మెడ అలా ఎలా వంగింది?" అని అడిగాను.

"కాసి వంచుతారు టీచర్."

"కాచిన తర్వాత వదిలేస్తే మళ్ళీ తిన్నగా అయిపోదా?"

"అవ్వదు. సల్లారే వరకూ అలగే పట్టుకుంటాడు. ఒదిలెత్తే మెడ సాగిపోతాది. అందుకే మా నాన్న బొటనేలికి కాయ కాసింది."

"ఎంతసేపు కాస్తారు?"

ఆలోచించింది. తెలియదు. "అడిగొస్తాను" అంది.

ఆ బొటనవేలి కాయ వ్యాసంలో ఎక్కడా లేదు. చల్లారేదాకా పట్టుకోవడం లేదు. అరగదీసేటప్పుడు వెంట్రుకలు కాలినట్టు వచ్చే వాసన లేదు, అది కూడా తర్వాత అడిగితేనే చెప్పింది. ఇవన్నీ ఆ పిల్లకి రాయదగ్గ సంగతులు అనిపించలేదు. ఎందుకనిపించలేదు అన్నదే ఈ వ్యాసంలో నా బాధ. తప్పు పిల్లది కాదు. వ్యాసం అంటే ఏమిటో పిల్లలకి మనం తప్పుగా నేర్పాం. నేనూ నేర్పాను.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. ఆదివారం పొద్దున మా ఇంట్లో పద్నాలుగు మంది పిల్లలు కూర్చుంటారు. ఇళ్ళల్లో తెలుగు, బడిలో కొందరికి ఒడియా, కొందరికి ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నా దగ్గరే దిద్దుకున్నవాళ్ళు సగం మంది ఉన్నారు. పాతపట్నం పక్కనే, అక్కడి నుంచి శ్రీకాకుళం జిల్లా. సగం మంది చుట్టాలు అటే ఉంటారు. రేపు పిల్ల అటు చదువుకి వెళ్ళినా, పెళ్ళయి వెళ్ళినా నాలుగు ముక్కలు తెలుగులో రాసుకోగలగాలని తల్లిదండ్రుల కోరిక. చిన్న కోరికే, న్యాయమైన కోరిక.

స్కూల్లో తొమ్మిదేళ్ళ పాటు నేను వ్యాసాన్ని డిక్టేట్ చేశాను. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, లాభాలు, నష్టాలు, ముగింపు. పర్యావరణ పరిరక్షణ, గ్రంథాలయాల ప్రయోజనాలు, విద్యార్థులు – క్రమశిక్షణ. నేను చెప్తుంటే వాళ్ళు రాసుకునేవాళ్ళు, రాసుకున్నది బట్టీ పట్టేవాళ్ళు. పరీక్షల్లో ఒకే వ్యాసం క్లాసు క్లాసంతా ఒకేలా రాస్తే, బాగా నేర్పానని సంతోషపడ్డాను కూడా. ఇప్పుడు ఆ పేపర్లు తలుచుకుంటే దిగులేస్తుంది. అంతమంది పిల్లలు కాగితం మీద మాట్లాడితే నాకు వినిపించింది నా గొంతే.

వివరణాత్మక వ్యాసం అంటే ఏమిటి? కథ కాదు, వాదన కాదు, మనసులో బాధ చెప్పుకోవడం కాదు. ఒక సంగతి తెలిసినవాడు తెలియనివాడికి అర్థమయ్యేట్టు చెప్పడం. అంతే. అంటే దానికి ఇద్దరు మనుషులు కావాలి. మన క్లాసులో ఆ ఇద్దరూ ఉండరు. "పర్యావరణ పరిరక్షణ" గురించి రాసే పిల్లాడికి పుస్తకంలో ఉన్నదానికి మించి ఏమీ తెలియదు, కాబట్టి తెలిసినవాడు లేడు. చదివే టీచరుకి అది ముందే తెలుసు, కాబట్టి తెలియనివాడూ లేడు. ఇద్దరూ లేని చోట మిగిలేది చేతిరాత, ఎర్ర పెన్ను, మార్కులు. పాయింట్లు వచ్చాయా లేదా అని లెక్కపెట్టే మనిషిని పాఠకుడు అనలేం. తనకి అర్థం కాని చోట ఆగి "అంటే ఏంటి?" అని అడిగేవాడే పాఠకుడు.

అందుకే నా మాట ఇది. పిల్లలకి వ్యాసం ఆకారం ముందు నేర్పకండి. అంశం కూడా ముందు ఇవ్వకండి. ముందు చదివేవాడిని చూపించండి. నిజం మనిషిని, పేరున్న మనిషిని, ఆ సంగతి తెలియని మనిషిని.

సరిహద్దు ఊళ్ళో ఉండడం వల్ల ఈ విషయంలో మాకు గొప్ప అదృష్టం ఉంది. తెలియనివాడు ఎప్పుడూ పక్కింట్లోనే ఉంటాడు. ఒడియా వాళ్ళ ఇంట్లో మన సంగతులు కొన్ని తెలియవు, మన ఇంట్లో వాళ్ళవి కొన్ని తెలియవు. కొండల మీంచి సంతకి చింతపండు, పసుపు, చీపుళ్ళు తెచ్చే సవరవాళ్ళ సంగతులు ఇద్దరికీ తెలియవు. ఒకే వీధిలో మూడు భాషలు.

మా క్లాసులో ఒక పిల్లాడి స్నేహితుడు ఒడియా వాళ్ళబ్బాయి. తెలుగు బాగా అర్థమవుతుంది, చదవడం రాదు. ఆదివారం క్రికెట్‌కి పిలవడానికి వచ్చి అరుగు చివర కూర్చునేవాడు. ఒక రోజు వాణ్ణి లోపలికి పిలిచి, "నీకు అర్థం కాని చోట చెయ్యెత్తు, అదే నీ పని" అన్నాను. ఆ వేళ మావాడు చదవాల్సిన వ్యాసం పాత కొలతల గురించి. వాళ్ళ నానమ్మ ఇప్పటికీ బియ్యం మానికతోనే కొలుస్తుంది.

"మానిక ఒక కొలత పాత్ర. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. మానికలో సగం తవ్వ. తవ్వలో సగం సోల."

చెయ్యి లేచింది. "మానిక ఎంత?"

"అడ్డలో సగం."

"అడ్డ ఎంత?"

"రెండు మానికలు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మావాడు రాసిన ప్రతి వాక్యమూ నిజమే, లెక్క కూడా సరిగ్గానే ఉంది. కానీ తెలియని మాటని ఇంకో తెలియని మాటతో చెప్పాడు కాబట్టి వినేవాడు వీధి బయటే ఉండిపోయాడు. నేనేమీ దిద్దలేదు. మావాడు ఇంటికి పరిగెత్తుకెళ్ళి మానిక పట్టుకొచ్చాడు. చూడగానే రెండోవాడి మొహం వెలిగింది. "ఇది మా ఇంట్లో ఉంది! మాణ!" అన్నాడు. ఒడియా ఇళ్ళల్లో మార్గశిర గురువారాల్లో లక్ష్మీదేవికి చేసే పూజని మాణబసా అంటారు. ముంగిట్లో బియ్యప్పిండితో ఝోటి అనే ముగ్గు వేసి, మాణ నిండా కొత్త ధాన్యం పోసి అమ్మవారి ముందు పెడతారు.

మళ్ళీ వారం మావాడి వ్యాసం ఇలా మొదలైంది: "మార్గశిరంలో గురువారం మీ అమ్మ లక్ష్మీదేవి ముందు వడ్లు నింపి పెట్టే మాణ లాంటిదే మా మానిక. మీరు దానికి పూజ చేస్తారు. మేము దానితో రోజూ బియ్యం కొలుస్తాం. మానికలో బియ్యం పోసి అరచేత్తో అంచుతో సమంగా గీస్తే ఒక కొలత. గీయకుండా పైన గోపురంలాగ నిలబెడితే ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. అప్పు తెచ్చుకున్న బియ్యం తిరిగి ఇచ్చేటప్పుడు గోపురం కట్టి ఇవ్వాలని మా నానమ్మ చెప్తుంది."

ఈ నాలుగు ముక్కల్లో ఎన్ని ఉన్నాయో చూడండి. తెలిసినదానితో తెలియనిదాన్ని పోల్చడం ఉంది. రెంటికీ తేడా ఏమిటో ఉంది. వాడకం ఉంది, వాడకంలో ఉన్న మర్యాద ఉంది. "పోలిక, భేదం, ఉదాహరణ" అని బోర్డు మీద రాసి నేను గంటసేపు చెప్పినా రానివి, ఎదురుగా కూర్చున్న ఒక్క పిల్లాడి చెయ్యి లేవడంతో వచ్చాయి. నిర్వచనం ఎలా చెప్పాలో వాడికి నేను నేర్పలేదు. నిర్వచనం పని చేయకపోతే ఏమవుతుందో వాడు కళ్ళారా చూశాడు.

ఈ ఊళ్ళో ఉండి ఈ మాటలు రాస్తూ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకుండా ఉండలేను. 1880లో ఆయన ఇక్కడి రాజావారి స్కూల్లో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా చేరారు. కొండల మీది సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆ పిల్లల కోసం పుస్తకాలు రాశారు, బడి నడిపారు. వాడుక భాష ఉద్యమం అంటే ఇప్పుడు చాలామంది కవులూ పండితులూ చేసిన పెద్ద యుద్ధం అనుకుంటారు. కానీ అందులో పోరు నడిచిన చోటు ఒకటి క్లాసు గది, మరీ ముఖ్యంగా వ్యాసరచన క్లాసు. బడి పిల్లవాడు వ్యాసం ఏ తెలుగులో రాయాలి అన్నదే అసలు ప్రశ్న. మద్రాసు యూనివర్సిటీ తెలుగు కాంపొజిషన్ కోసం వేసిన కమిటీలో గురజాడ అప్పారావుగారు 1914లో ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా దాని గురించే. పిల్లవాడు ఇంట్లో మాట్లాడని, ఎవరూ మాట్లాడని భాషలో ఆలోచించి రాయమనడం అన్యాయం అని వాళ్ళ వాదన. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్ళినప్పుడు పంతులుగారు ఈ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు కూడా స్టేజి మీద పిల్లలు "అజరామరమైన ఆంధ్ర భాషామతల్లి" అని బట్టీ పట్టిన వ్యాసమే అప్పజెప్తారు. అది విన్నప్పుడల్లా నాకు గుండెల్లో కలుక్కుమంటుంది.

క్రియాపదాల చివరలు మారాయి, నిజమే. "వ్రాయుచున్నాడు" పోయి "రాస్తున్నాడు" వచ్చింది. కానీ "ఎంతైనా ఉన్నది", "అద్దం పడుతున్నది", "నేటి ఆధునిక సమాజంలో" అనే వాక్యాలు ఏ ఇంట్లో ఎవరు మాట్లాడతారు? కూరలో ఉప్పు ఎక్కువైతే "ఉప్పు మోతాదును నియంత్రించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది" అని ఏ తల్లీ అనదు. పంతులుగారు తరిమేసిన భాష కొత్త బట్టలు వేసుకుని మళ్ళీ వ్యాసంలోకే వచ్చి కూర్చుంది. ఒడియా మీడియం పిల్లలు వాళ్ళ రచనా నోట్సు చూపించారు. అక్కడా ఇదే.

నా క్లాసులో మొదటి రాత ఇంటి భాషలోనే. "అలగ", "ఏటి", "సల్లారే వరకూ" అని ఉంటే ఉండనిస్తాను. మధ్యలో ఒడియా మాట పడితే పడనిస్తాను. సంగతి అంతా కాగితం మీదకి వచ్చాకే, రెండో రాతలో, "ఇది హైదరాబాదులో ఉన్న మీ పిన్నికి కూడా అర్థమవ్వాలి, ఏం మారుద్దాం?" అని అడుగుతాను. అప్పుడు "అలగే" వెళ్ళి "అలాగే" వస్తుంది. ఆ మార్పు ఎందుకో పిల్లకి తెలుస్తుంది, పిన్ని కోసం. ముందే దిద్దితే మాత్రం బొటనవేలి కాయ భయపడి బయటికి రాదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట తేలిగ్గా తీసిపారేయలేను. సరిహద్దు అవతల పనిచేసే ఒక తెలుగు మాస్టారు, నాకంటే పెద్దవారు, మొహం మీదే అన్నారు: "అమ్మా, నీ దగ్గర పద్నాలుగు మంది. నా క్లాసులో యాభై మంది. అందులో సగం మందికి వాక్యం నిలబడదు. నమూనా ఇస్తే కనీసం పాస్ మార్కులు తెచ్చుకుంటారు. అది కూడా లాగేసుకుంటే వాళ్ళకేం మిగుల్తుంది?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. పేద పిల్లలకి పరీక్ష మార్కు చిన్న విషయం కాదు. ఒక మార్కు తేడాతో పై చదువు ఆగిపోయిన పిల్లలు నాకు తెలుసు. పరీక్ష ముందు నెలలో నమూనాలు నేనూ ఇస్తాను, ఇవ్వకపోవడం తప్పు. కానీ వాక్యం నిలబడని పిల్లవాడికి నమూనా చేసే మేలు ఎంతవరకు? అంశం మారితే వాడు మళ్ళీ మొదటికే వస్తాడు. అదే పిల్లవాణ్ణి "సైకిల్ చైను ఊడిపోతే ఎలా ఎక్కిస్తావో నాకు చెప్పు, నాకు రాదు" అని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్తాడు, వరస కూడా తప్పడు. వాడికి వాక్యం వచ్చు. కాగితం మీద మనం అడిగే వాక్యమే రాదు. యాభై మందితో కూడా ఇది చేయవచ్చు, పక్క పక్కన కూర్చున్నవాళ్ళని జంటలు చేస్తే చాలు.

జంటల పద్ధతిలో నేను ఒక్క నియమం పెట్టాను: చెప్పేవాడు రాయకూడదు, విన్నవాడు రాయాలి. చెప్పేవాడు తర్వాత అది చదువుకుంటాడు. "నేనలా చెప్పలేదే" అని గొడవ మొదలవుతుంది. ఆ గొడవే పాఠం. తను వదిలేసిన మెట్టు ఏదో అక్కడ దొరుకుతుంది.

వరస నేర్పడానికి ముగ్గు కంటే మంచి సాధనం నాకు ఇంకా దొరకలేదు. బొమ్మ చూపించకుండా, మాటలతోనే చెప్పి అవతలి పిల్ల చేత ముగ్గు వేయించాలి. "ఏడు చుక్కలు, ఒకటి వచ్చేదాకా, సరి చుక్క" అంటే తెలిసిన పిల్ల వెంటనే ఏడు, దాని పైన కిందా ఐదేసి, మూడేసి, ఒక్కొక్కటి పెట్టేస్తుంది. తెలియని పిల్ల మొదటి వరస దగ్గరే ఆగిపోతుంది. సరి చుక్క అంటే చుక్క కింద చుక్క, సందు చుక్క అంటే రెండు చుక్కల మధ్య సందులో చుక్క, అని ముందే చెప్పి ఉండాల్సిందని అప్పుడు తడుతుంది. ఉపోద్ఘాతం ఎందుకో అక్కడ అర్థమవుతుంది. ముందు తెలియకపోతే తర్వాతది అర్థం కానిదే ఉపోద్ఘాతంలో ఉండాలి. "ప్రాచీన కాలం నుండి మానవుడు" అని మొదలుపెట్టడానికి కాదు అది ఉన్నది.

అంకెల గురించి కూడా ఒక మాట. ఇంటర్నెట్‌లో వెతికి అంకెలు పేర్చితే విషయం చెప్పినట్టే అని పెద్ద పిల్లలు అనుకుంటున్నారు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు పాత చిన్న రైలు గురించి రాశాడు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైంది, పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. రెండూ నిజమే. "రెండున్నర అడుగులైతే ఏమిటి?" అని అడిగాను. జవాబు లేదు. స్కేలు పెట్టి అరుగు మీద సుద్దముక్కతో రెండు గీతలు గీయమన్నాను. గీసి, మధ్యలో నిలబడి, "ఇంతేనా!" అన్నాడు. తర్వాత తాతని అడిగొచ్చి రాశాడు: ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగిలేవని, పెద్ద మూటలు ఉన్నవాళ్ళు తలుపు దగ్గరే నిలబడేవాళ్ళని. ఇప్పుడు బ్రాడ్ గేజి రైలు ఎక్కే పిల్లలకి ఆ మోకాళ్ళ వాక్యంతో రెండున్నర అడుగులు అర్థమవుతుంది. అంకె ఒక్కటే ఆ పని చేయలేదు.

ఇలా రాసిన పిల్లలకి పరీక్షలో మార్కులు పెరిగాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. కొందరికి పెరిగాయి, ఇద్దరికి తగ్గాయి. తగ్గినవాళ్ళ పేపర్లు నేను చూశాను. బాగున్నాయి. ఒక తల్లికి ఆ మాట చెప్తే ఆవిడ మొహం చిన్నబోయింది, నాకూ ఆ రోజు అన్నం సహించలేదు. పేపరు దిద్దేవాళ్ళు మారేదాకా ఈ నష్టం ఎవరో ఒక పిల్ల భరించాలి. అందుకే ఈ వ్యాసం తల్లిదండ్రుల కంటే తోటి టీచర్ల కోసం రాస్తున్నాను. పదికి ఎనిమిది వేసే ముందు ఒక్కసారి అడగండి: ఇది చదివి నాకు తెలియనిది ఏమైనా తెలిసిందా? తెలిస్తే, ఉపోద్ఘాతం లేకపోయినా ఆ ఎనిమిదీ ఆ పిల్లకే వేయండి. దీనికి కొత్త సిలబస్ అక్కర్లేదు, ట్రైనింగ్ అక్కర్లేదు.

కొమ్ము పని పిల్ల రెండో వారం రాలేదు. మూడో వారం వచ్చింది, రెండు పేజీలు పట్టుకుని. ఎంతసేపు కాస్తారని నాన్నని అడిగిందట. "గడియారం చూసి కాయం, కొమ్ము చెప్తాది" అన్నాడట. అంటే ఏంటని మళ్ళీ అడిగితే, పక్కన కూర్చోబెట్టుకుని పట్టకారుతో పట్టి చూపించాడట. కొమ్ము వేడెక్కే కొద్దీ పట్టకారు కింద గట్టిదనం తగ్గుతుంది, ఆ తగ్గడం చేతికి తెలుస్తుంది, అప్పుడు తీసి వంచాలి. ఆలస్యమైతే కాలి పెళుసెక్కుతుంది. ఇదంతా రాసింది. ఎవరి కోసం రాశావు అంటే, భువనేశ్వర్‌లో ఉంటున్న మేనత్త కూతురి కోసం అంది. ఆ పిల్ల ఇంట్లో షోకేసులో వీళ్ళ నాన్న చేసిన కొంగ ఉందట.

వాళ్ళ నాన్న చదువుకున్నది ఒడియాలో, తెలుగు చదవలేడు. తను చదివి వినిపించిందట. అంతా విని, "ఇక్కడొకటి తప్పింది" అన్నాడట. మంట మీద అని రాశావు, మీద కాదు, మంటకి పక్కన. మీద పెడితే మాడిపోతాది.

కాగితం మీద "మీద" కొట్టేసి ఉంది. పైన చిన్న అక్షరాలతో "పక్కన" అని రాసి ఉంది.